గేటు దగ్గర దగ్గు

నాలుగో అట్టపెట్టెకు కూడా టేపు పడింది.

ఎలుకలాయన వంటగది గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నాడు. కూతురు టేపును చర్రున లాగి పళ్లతో తుంచుతోంది. కత్తెర ఆయన బల్ల సొరుగులో ఉంది. అడిగితే ఇచ్చేవాడు. ఆమె అడగలేదు. పళ్లు ఊడితే ఆమెవే ఊడతాయి అనుకున్నాడు.

తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో తండ్రికీ కూతురికీ మాటల్లేవు. తను పనిచేసే కంటి ఆస్పత్రి పక్క వీధిలో గది చూసుకున్నాననీ, శనివారం పొద్దున వెళ్లిపోతాననీ ఆమె చెప్పింది. అప్పుడు ఆయన భోజనం చేస్తున్నాడు. సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ లేవడమే జవాబు. అప్పటి నుంచి నోరు విప్పలేదు.

ఇవాళ శుక్రవారం.

మాట్లాడకుండా ఉండటం ఆయనకు కొత్త కాదు. ఆయన తాగడు. చెయ్యెత్తడు. బూతు మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కోపమొస్తే మాట మానేస్తాడు, అంతే. పెళ్లైన మూడో ఏట భార్య ఆయన సైకిలును తన తమ్ముడికి ఒక్క పూటకు ఇచ్చింది. పెడలు వంగి తిరిగొచ్చింది. ఇరవై రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇరవై మూడో రోజు జ్వరమొచ్చి మంచినీళ్లు అడగాల్సి వచ్చింది. భార్యను ఎలాగో క్షమించాడు కానీ ఆ జ్వరాన్ని మాత్రం చాలాకాలం క్షమించలేదు.

ఆ భార్య పోయి ఎనిమిది నెలలు.

సామాన్లు సర్దడానికి మరదలు వచ్చింది, చనిపోయినావిడకు చెల్లెలు. అక్క ఎంత మెత్తనో ఈమె అంత గట్టి. పెట్టెలకు వేసినట్టు ఆమె నోటికి టేపు వెయ్యడం ఎవరివల్లా కాలేదు.

ఎలుకలాయన గోడవైపు చూస్తూ, ఇక్కడ ఏం తక్కువైందో దాన్ని అడగమని మరదలితో అన్నాడు. కూతురు ఆయనకు మూడు బారల దూరంలో కూర్చుని ఉంది.

"ఏం తక్కువైందని అడుగుతున్నారమ్మా మీ నాన్న," అంది మరదలు.

"ఏమీ తక్కువ కాలేదని చెప్పు పిన్నీ."

"ఏమీ తక్కువ కాలేదంట బావగారూ. ఇంకా ఏమైనా ఉంటే తొందరగా కానివ్వండి. నాకు ఈ టెలిఫోను ఉద్యోగానికి జీతమైనా ఇవ్వడం లేదు మీరు."

ఆయన నవ్వలేదు. కూతురు తల దించుకుంది. నవ్వు దాచుకోవడానికో మరెందుకో ఆయనకు తెలియలేదు.

మరదలు అక్కడితో ఆగలేదు. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లకు బీపీ ఏమిటని నిలదీసింది. ఆస్పత్రిలో చూసుకుంటే మామూలుగానే ఉంటుందట. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటే నూట నలభై దాటుతుందట. ఇదెక్కడి వింతో మీకేమైనా తెలుసా బావగారూ అని అడిగింది.

"ఆ మిషను పాతది," అన్నాడు ఎలుకలాయన. "వాళ్లమ్మది. పైగా దానికి వాళ్లమ్మ పోలిక."

"మిషనుకా, పిల్లకా?"

భార్యకు కూడా బీపీ ఉండేది. ఆఖరి ఏడాది పెద్దాస్పత్రిలో చూపిస్తే గుండె గోడ దళసరెక్కిందన్నారు. అక్కడి డాక్టరు కళ్లజోడు తీసి, ఈవిడకు మనసులో ఏదైనా దిగులుందా అని ఆయన్నే అడిగాడు. ఏం దిగులు? ఏం లోటు చేశాను? ఆ డాక్టరు దగ్గరకు మళ్లీ తీసుకెళ్లలేదు.

ఆఖరి పెట్టె ఇంకా తెరిచే ఉంది. కూతురు లేచి వంటగదిలోకి వచ్చింది. ఆయన పక్కనుంచే వచ్చింది, కానీ భుజం తగలకుండా ఒదిగి వచ్చింది. స్టవ్ పక్కనున్న అలమార మీది నుంచి పాత రేడియో దించింది. పెద్ద చెక్క రేడియో. దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, పాత దుప్పటి చుట్టబోయింది.

అదెందుకని ఆయన మరదలిని అడిగాడు. అది చచ్చి పదేళ్లయిందని చెప్పమన్నాడు.

కూతురి చేతులు దుప్పటి మీద ఆగిపోయాయి. పిన్నికేసి చూసింది. మరదలు ఆమెకేసి చూసింది. అంత నోరున్న మరదలు ఏమీ అనకపోవడం ఆయనకు వింతగా తోచింది.

"ఉండనివ్వండి బావగారూ," అంది కాసేపటికి. "అక్క గుర్తు."

పనిచేయని సామాను గుర్తుకైనా పనికొస్తే సంతోషమే అని ఆయన చెప్పులు వేసుకున్నాడు. తొమ్మిదింపావు అయింది. ముప్పై ఒక్కేళ్లుగా ఆయన ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్లలేదు.

*

ఎలుకలాయన ఎలుకలు పట్టేవాడు కాదు. పెంచేవాడు. పరిశోధనశాలలో జంతువుల విభాగానికి అటెండరు. ఆ పేరు వీధిలో ఎవరో పెట్టారు. ఆయన కాదనలేదు, ఔననలేదు. అది అలా అంటుకుపోయింది.

పొడుగాటి నడవా. ఎడమవైపు జంట గది. అక్కడ ఒక్కో బోనులో రెండేసి ఎలుకలు. కుడివైపు ఒంటి గది. అక్కడ బోనుకు ఒకటే. ఒకటి మరొకదానికి కనపడకుండా మధ్యలో అట్టలు. రంపం పొట్టు, నీళ్ల సీసా, గింజల గిన్నె రెండు గదుల్లోనూ ఒకటే.

పొద్దున పదింటికి ఆయన ఒక్కో ఎలుకను సన్నని గాజుగొట్టంలో పెట్టాలి. అరగంట ఉంచాలి. దెబ్బ తగలదు. నొప్పి ఉండదు. వెనక్కి తిరగడానికి మాత్రం చోటుండదు. ఏ దెబ్బా లేకుండా, ఒట్టి దిగులుతో గుండెకు ఏమవుతుందన్నది ఈ పరిశోధన చేసే డాక్టరమ్మ వెతుకుతున్న సంగతి. తొమ్మిది నెలలుగా వెతుకుతోంది. ప్రతి ఎలుక పొట్టలోనూ వేలిగోరంత యంత్రం కుట్టి ఉంది. దాని రక్తపోటూ, గుండె కొట్టుకునే లెక్కా రాత్రీ పగలూ తెర మీద పడుతూనే ఉంటాయి.

డాక్టరమ్మది కూతురి ఈడే. ఆ రోజు ఆయన నడవాలోకి రాకముందే మెట్ల దగ్గరికి ఎదురొచ్చింది. గొట్టాలు తియ్యొద్దంది. ముందు తెర ఉన్న గదిలోకి రమ్మంది. ఆమె చేతిలో పొడుగాటి కాగితం ఉంది. ఆ కాగితాన్ని మడుస్తోంది, విప్పుతోంది. ఏదో చెప్పలేక చస్తోందని ఆయన కనిపెట్టాడు.

కాగితం బల్ల మీద పరిచింది. గీతలు. రోజూ పది గంటలకు గీత ఎగరాలి, ఎందుకంటే గొట్టంలో పెట్టేది అప్పుడే. ఎగిరింది. కానీ పదికి ఐదు నిమిషాల ముందే ఎగిరింది. గొట్టం ఇంకా ముట్టుకోకముందే. ఆదివారాలు కూడా ఎగిరింది. ఆదివారం గొట్టాల పనే లేదు. నీళ్లు పోయడానికి ఆయన ఒక్కడే వచ్చి వెళ్తాడు.

"మధ్యలో ఈ పదకొండు రోజులు చూడండి బాబాయిగారూ," అంది. "గొట్టంలో పెట్టాకే ఎగిరింది. ముందు లేదు. ఆ పదకొండు రోజులూ వేరే ఆయన చేశారు."

ఆ పదకొండు రోజులు ఆయన భార్య పోయి సెలవులో ఉన్నాడు. అది ఆమెకూ తెలుసు. అందుకే కాగితం మడుస్తోంది.

తను వేళకే వస్తున్నానని ఆయన బిగుసుకుని అన్నాడు.

వేళ సంగతి కాదంది డాక్టరమ్మ. గదిలోకి వెళ్లేముందు రోజూ ఏం చేస్తారో చెప్పమంది.

ఏం చేస్తాడు? తాళం తీస్తాడు. రెండుసార్లు దగ్గుతాడు. వెళ్తాడు.

"దగ్గెందుకు?"

అలాంటి ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆయన మొదటిసారి ఈ పనిలో చేరినప్పుడు ఒక ముసలి అటెండరు ఉండేవాడు. మూగజీవాల గదిలోకి దొంగలా వెళ్లకురా, దగ్గి వెళ్లు, అదిరిపడితే వాటి గుండె ఆగిపోతుందని చెప్పాడు. ఆ ముసలాయన పోయాడు. దగ్గు మిగిలింది.

"వాటి మంచికే అమ్మా," అన్నాడు. "మా ఇంట్లోనూ అంతే. గేటు దగ్గర రెండుసార్లు దగ్గే లోపలికి వెళ్తాను. ఆడమనిషి ఒక్కతే ఉండే ఇల్లు. చెప్పాపెట్టకుండా వెళ్లకూడదు కదా. మా ఆవిడ నా దగ్గు వినగానే స్టవ్ వెలిగించేది. టక్‌మని గేటు దాకా వినపడేది. నేను కాళ్లు కడుక్కునేసరికి టీ."

భార్య గురించి ఆయన ఒక పరాయి మనిషితో ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. ఆయనకు సంతోషం కలిగింది. ఆ టక్ మాట చెప్పినప్పుడల్లా ఆయనకు లోపల ఏదో వెచ్చగా ఉంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన కోసం చేసిన పనులన్నింటిలోనూ ఆయన గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. ఎనిమిది నెలలుగా ఆ చప్పుడు లేదు. కూతురికి ఆ పట్టింపు లేదు.

డాక్టరమ్మ తెరను నడవావైపు తిప్పింది. ఒంటి గదిలోకి వెళ్లొద్దంది. తలుపు బయటే నిలబడి, రోజూ చేసేది ఒక్కొక్కటే చెయ్యమంది. ఆయన నడిచాడు. తెర మీద అంకెలు కదల్లేదు. తాళంచెవులు ఆడించాడు. కొద్దిగా కదిలాయి, మళ్లీ సర్దుకున్నాయి.

"ఇప్పుడు దగ్గండి."

దగ్గాడు. ఎప్పటిలాగే రెండుసార్లు.

ఏడో నంబరు ఎలుక రక్తపోటు నూట పదహారులో ఉంది. ఆయన చూస్తుండగానే నూట ముప్పై అయింది. నూట నలభై నాలుగు. నూట యాభై రెండు. పక్కన గుండె లెక్క మూడువందల ముప్పై నుంచి నాలుగువందల డెబ్బైకి పోయింది. ఏడోది ఒక్కటే కాదు. ఒంటి గదిలో ఉన్నవి పన్నెండూ అంతే. తలుపు తియ్యలేదు. లోపలికి అడుగు పెట్టలేదు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

"ఇవాళ గొట్టం లేదని వాటికి తెలీదు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "దగ్గు తర్వాత గొట్టం వస్తుందని మాత్రం తెలుసు."

"ఆదివారం గొట్టం లేదు కదమ్మా."

"దగ్గు ఉంది కదండీ."

జంట గదిలోవి కూడా ఎగిరాయి. కానీ కొంచెమే. మూడు నాలుగు నిమిషాల్లో దిగిపోయాయి. పక్కన ఇంకోటి ఉంటే ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయని, తొందరగా దిగుతాయని డాక్టరమ్మ చెప్పింది. ఒంటివి దిగలేదు. ఇద్దరూ గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డారు. పదిహేను నిమిషాలకు కొన్ని దిగాయి. ఏడోది దిగడానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది.

ఇరవై ఆరు నిమిషాలు ఆయన ఒక దగ్గును చూస్తూ నిలబడ్డాడు.

రోజూ ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే ఏమవుతుందని అడిగాడు చివరికి. ఆమె ఈ ప్రశ్నకు రోజూ జవాబు చెప్పే మనిషిలా చెప్పింది. మొదట్లో ఏమీ కనపడదు. తర్వాత గుండె గట్టిగా కొట్టుకోవడానికి అలవాటు పడుతుంది. దాని గోడ దళసరెక్కుతుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు, మామూలు పని చేస్తుండగానే ఆగిపోతుంది.

గోడ దళసరెక్కుతుంది. కళ్లజోడు తీసిన ఆ డాక్టరు మాట. అదే మాట. ఆయన చెయ్యి బల్ల అంచు పట్టుకుంది.

ఈ తొమ్మిది నెలల పనీ తన దగ్గు వల్ల పాడైపోయినట్టేనా అని అడిగాడు. కొంత పోయింది, కొంత కొత్తగా దొరికింది అంది డాక్టరమ్మ. సోమవారం నుంచి గొట్టాల పని వేరే ఆయన చూస్తారట. ఈయన జంట గది చూసుకుంటే చాలట.

"నన్నేమీ అనరేం?"

"ఏమనాలి బాబాయిగారూ? మీరు మంచికే కదా చేశారు."

ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. వంగిన పెడలుకు ఇరవై రెండు రోజులు శిక్ష వేసినవాడు ఆయన. తొమ్మిది నెలల పని పాడుచేసినందుకు ఈ పిల్ల ఒక్క పూటైనా మాట మానలేదు. తిడితే తేలికగా ఉండేది.

"అవి మరచిపోతాయా?" అన్నాడు. "ఇకమీదట దగ్గు తర్వాత గొట్టం రాకపోతే?"

"చాలావరకు మరచిపోతాయి. నెలలు పడుతుంది. కొన్ని మరచిపోవు."

"ఏడోది?"

"ఏమో చెప్పలేమండీ."

ఇంటికెళ్లి పడుకోమంది. ఆయన సరేనన్నాడు కానీ నడవాలో ఒంటి గది ముందు ఆగిపోయాడు. వెళ్లేముందు ఏడోదాన్ని ఒకసారి చూడాలనిపించింది. తాళం తీశాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. దగ్గితే వాటికి గొట్టం గుర్తొస్తుంది. దగ్గకపోతే అదిరిపడతాయి. ముప్పై ఒక్కేళ్లుగా వెళ్తున్న గదులు. ఇప్పుడు ఎలా వెళ్లాలో ఆయనకు తెలియలేదు.

మళ్లీ తాళం వేశాడు.

మెట్లు దిగుతుంటే భార్య పడిపోయిన రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజూ దగ్గాడు. టక్‌మని వినపడింది. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేసరికి ఆమె వంటగదిలో అలమార పక్కన పడి ఉంది. అలమార మీద మందుల డబ్బా ఉంటుంది. మాత్ర అందుకోబోయి పడిపోయిందని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఒక్కటి మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. స్టవ్ వెలిగి లేదు. దాని మీద గిన్నె కూడా లేదు. టక్‌మంది కదా, మరి మంటేది? చనిపోయిన నెలకు స్టవ్‌ను బాగుచేసేవాడి దగ్గరకు మోసుకెళ్లాడు. వాడు విప్పి చూసి ఇందులో ఏ లోపం లేదన్నాడు. ఆయన నమ్మలేదు. నీకు పని రాదని చెప్పి తిరిగి మోసుకొచ్చాడు.

*

మధ్యాహ్నం రెండింటికి ఆయన తన వీధిని ఎప్పుడూ చూడలేదు. నీడలు వేరే వైపు పడి ఉన్నాయి. పక్కింటి వాకిట్లో ఎవరో ముసలావిడ గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. ఆమె అక్కడ అలా కూర్చుంటుందని ఆయనకు తెలియదు. పరాయి ఊరికి వచ్చినట్టుంది.

గేటు గడియ మీద చెయ్యి పడగానే గొంతులో దగ్గు లేచింది. ఎప్పటిలాగే, ఎవరూ పిలవకుండానే. పెదాలు బిగించాడు. మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గడియ చప్పుడు కాకుండా ఎత్తి, తన ఇంట్లోకి దొంగలా వెళ్లాడు.

పాట వినపడుతోంది. పక్కింట్లో అనుకున్నాడు. ముందు గదిలోకి వచ్చాక పక్కింట్లో కాదని తెలిసింది.

వంటగది తలుపు ఓరగా ఉంది. రేడియో మళ్లీ అలమార మీదికెక్కి ఉంది. దుప్పటి సగం జారి వేలాడుతోంది. ముందు భాగంలో చిన్న దీపం పచ్చగా వెలుగుతోంది. పదేళ్ల క్రితం చచ్చిన రేడియో గొంతెత్తి పాడుతోంది. దానితోపాటు కూతురు కూడా పాడుతోంది. నేల మీద కూర్చుని, అట్టపెట్టె మీద చేత్తో తాళం వేస్తూ, తల ఊపుతూ. గొంతు బాగుంది.

కూతురికి పాడటం వచ్చని ఆయనకు తెలియదు.

ఇల్లంటే ఇదే అని ఆయన ఇన్నాళ్లూ అనుకున్న ఇల్లు వేరు. అందులో చప్పుడుండదు. గిన్నె కింద పెడితే కూడా నెమ్మదిగా పెడతారు. తన భార్యా కూతురూ నెమ్మదైన మనుషులని నలుగురిలో చెప్పుకునేవాడు.

మరదలు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. బావగారికి ఒక్కనాడు కూడా అనుమానం రాలేదా అని అడుగుతోంది.

"ఎలా వస్తుంది పిన్నీ? ఆయన దగ్గుతారు కదా. ఒకప్పుడు పాట హోరులో దగ్గు వినపడలేదని అమ్మతో పదహారు రోజులు మాట్లాడలేదు. ఆ పదిహేడో రోజునే రేడియో పాడైపోయిందని చెప్పింది అమ్మ. అప్పటి నుంచీ ఆయన వెళ్లాక సన్నగా బతికేది, దగ్గగానే చచ్చేది."

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా, దొంగముండా."

"చూడు, అమ్మ ఎలా చేసేదో చూపిస్తాను."

కూతురు లేచి స్టవ్ ముందు నిలబడింది. చేతిలో లేని గరిటె తిప్పింది. పెదాల మీద పాట. ఉన్నట్టుండి గొంతు బొంగురు చేసి రెండుసార్లు దగ్గింది. ఎలుకలాయన ఉలిక్కిపడ్డాడు. అది ఆయన దగ్గే. అచ్చంగా ఆయనదే. కూతురి ముఖంలో పాట ఆగిపోయింది. మెడ బిగిసింది. గాల్లో ఉన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అది ఆటే. అయినా ఆ బిగిసిన మెడ ఆటలా లేదు.

తర్వాత మూడంగల్లో అలమార దగ్గరకు ఉరికి రేడియో మీట తిప్పింది.

టక్.

ఎలుకలాయన గోడ పట్టుకున్నాడు.

"బీపీ మనిషివి, ఉరకొద్దే అంటే వినేది కాదు," అంటోంది కూతురు. నవ్వుతూనే అంటోంది. నవ్వు సగంలోనే చిన్నదైపోయింది. పాట ఆగిన ఇల్లు ఎప్పటి ఇల్లులా మారిపోయింది. ఆమె వెనక్కి తిరిగింది. తలుపు సందులో తండ్రిని చూసింది.

మొదట తేరుకున్నది మరదలే. కూర్చోండి బావగారూ, టీ పెడతాను అంటూ లేచింది. అగ్గిపుల్ల గీసి స్టవ్ తిప్పింది. బుస్సుమంది. నీలంగా మంట లేచింది. ఎలుకలాయన చెవులు రిక్కించి విన్నాడు. ఆరిపోతే మళ్లీ తిప్పింది. మళ్లీ బుస్సుమంది. బుస్సు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ముప్పై ఏళ్లుగా ఆ స్టవ్ ఆ చప్పుడే చేస్తోంది కాబోలు. బాగుచేసేవాడు అబద్ధం చెప్పలేదు.

"ఎంతసేపైంది నాన్నా వచ్చి?" అంది కూతురు. పదో రోజు మొదటి మాట. పిన్ని మీదుగా కాకుండా తిన్నగా వచ్చింది.

"పాట మధ్యలో వచ్చాను."

"దగ్గలేదేం?"

చెప్పాలనుకున్నాడు. ఏడో నంబరు ఎలుక సంగతి చెప్పాలనుకున్నాడు. ఇరవై ఆరు నిమిషాల సంగతి చెప్పాలనుకున్నాడు. నీ బీపీ మిషను మంచిదేనమ్మా, దానికి ఏ లోపం లేదు అనాలనుకున్నాడు. వెళ్లొద్దు అనాలనుకున్నాడు. జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషికి అడిగే మాటలు అంత తొందరగా దొరకవు.

"మళ్లీ పెట్టు," అన్నాడు.

కూతురికి అర్థం కాలేదు.

"రేడియో. పెట్టమ్మా."

అమ్మా అన్న మాటకు మరదలు వెనక్కి తిరిగి చూసింది. కూతురు చెయ్యి మీట మీదికి వెళ్లింది. వేళ్లు మీటను పట్టుకున్నాయి. ఇంకొంచెం తిప్పితే చాలు. ఆయన ఆ వేళ్లకేసే చూస్తున్నాడు. ఆ వేళ్లు తిప్పితే రేపు సామాన్లకు వచ్చే బండి సంగతి మాట్లాడొచ్చు. పెట్టెల మీది టేపు ఊడదియ్యమని అడగొచ్చు. కావాలంటే తనే కత్తెర ఇవ్వొచ్చు.

వేళ్లు తిప్పలేదు.

"నాన్నా." ఆమె మీటకేసి చూస్తూనే అంది. "అమ్మ మందు అందుకోబోయి పడిపోయిందని చెప్పావు."

"అవును."

"మందుల డబ్బా అప్పటికి వారం నుంచి నా గదిలో ఉంది. నేనే తీసుకెళ్లాను, రోజూ నేనే వెయ్యాలని. అది అమ్మకీ తెలుసు. ఈ అలమార మీద రేడియో తప్ప ఏమీ లేదు." ఆగింది. గొంతు వణకలేదు. ఎనిమిది నెలలు లోపల అరగదీసిన మాటలా నున్నగా వచ్చింది. "ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. ఆ రోజు నువ్వు గేటు దగ్గర దగ్గావా?"

మరదలు స్టవ్ ఆపేసింది.

ఎలుకలాయన ఇన్నేళ్లలో మాట మానేశాడు కానీ అబద్ధమాడలేదు. అదొక్కటే ఆయన తనలో గొప్పగా చెప్పుకునేది. నోరు తెరిచాడు. గేటు దగ్గర మింగిన దగ్గు గొంతులోకి ఎగదన్నుకొచ్చింది. రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు.

కూతురి మెడ అప్పటికే బిగిసిపోయింది.